రెండుసార్లు వచ్చే ఒంటిగంటన్నర

బాలలూ, ముందుగా ఒక చిన్న లెక్క. న్యూయార్క్ నగరంలో ఒక కార్మికుడు 2024 నవంబరు 2వ తేదీ రాత్రి 10 గంటలకు పనిలోకి వచ్చాడనుకుందాం. మర్నాడు ఉదయం 6 గంటలకు ఇంటికి వెళ్ళాడు. అతడు ఎన్ని గంటలు పనిచేశాడు?

"ఎనిమిది" అంటారు కదూ? మా తరగతిలోనూ అందరూ అదే అన్నారు. కాని సరైన జవాబు తొమ్మిది! ఎనిమిది గంటలకే లెక్కకట్టి జీతమిస్తే పాపం అతనికి ఒక గంట కూలి పోయినట్లే.

ఎందుకంటే అక్కడ మార్చి నెల రెండవ ఆదివారం తెల్లవారుజామున 2 గంటలు కాగానే గడియారాన్ని 3కు జరుపుతారు. నవంబరు మొదటి ఆదివారం 2 కాగానే తిరిగి 1కి తెస్తారు. వేసవిలో పొద్దు చాలా ముందే పొడుస్తుంది కనుక ఆ వెలుతురును సాయంత్రానికి మిగుల్చుకోవాలని ఈ ఏర్పాటు. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న మనకు పగటి నిడివిలో అంత తేడా ఉండదు. అయినా రెండవ ప్రపంచయుద్ధకాలంలో మన దేశంలోనూ గడియారాలను ఒక గంట ముందుకు జరిపారు. అమెరికాలో ఉన్న మామయ్య ఫోను వేళ ఏడాదికి రెండుసార్లు మారేది ఇందుకే. న్యూయార్క్ చలికాలంలో మనకు పదిన్నర గంటలు, వేసవిలో తొమ్మిదిన్నర గంటలు వెనుక.

ఇక కంప్యూటర్ సంగతి. 'సి' భాషలో కాలాన్ని రెండు విధాలుగా దాచవచ్చు. మొదటిది 'టైమ్_టి'. చాలా కంప్యూటర్లలో ఇది 1970 జనవరి 1 గ్రీనిచ్ అర్ధరాత్రి నుంచి గడచిన సెకన్ల సంఖ్య. గడియారం ముల్లును ఎవరెటు తిప్పినా దీని లెక్క చెదరదు. రెండవది 'స్ట్రక్ట్ టీఎం'. ఇందులో సంవత్సరం, నెల, తేదీ, గంట వేరువేరు గడుల్లో ఉంటాయి. (జనవరి ఇక్కడ సున్నా నెల, 2024ను 124 అని రాయాలి. ఎంతటివారైనా ఒకసారి ఇక్కడ తప్పుతారు!) ఆ గడుల్లో 'టీఎం_ఈజ్‌డీఎస్‌టీ' ఒకటి. అందులో ధనసంఖ్య ఉంటే వేసవి సమయం, సున్నా ఉంటే మామూలు సమయం. మైనస్ ఒకటి వేస్తే "నాకు తెలియదు, నువ్వే చూసుకో" అని కంప్యూటర్‌కు అప్పగించినట్లు.

ఇప్పుడు నవంబరు 2 మధ్యాహ్నం 12కు "రేపు ఇదే వేళ" కావాలి. రోజుకు 86,400 సెకన్లే కదా అని కలిపితే మర్నాడు 11 గంటలే వస్తుంది, ఎందుకంటే ఆనాటి రోజుకు 25 గంటలు. అలా కాక తేదీ గడిలో ఒకటి కలిపి, 'ఎంకేటైమ్' అనే ప్రమేయానికి ఇవ్వాలి. అయితే నిన్నటి వేసవి గుర్తు గడిలో అలాగే ఉండిపోతే మళ్ళీ 11 గంటలే! ముందుగా అక్కడ మైనస్ ఒకటి వేయడం మరువకండి.

మరి నవంబరు 3 తెల్లవారుజామున ఒంటిగంటన్నర? అది గంట తేడాతో రెండుసార్లు వచ్చింది. ఏది కావాలో కంప్యూటర్ ఊహించలేదు. మొదటిదానికి 1, రెండవదానికి 0 అని మనమే వేయాలి.

కార్మికుని లెక్కకు రెండు వేళలనూ 'ఎంకేటైమ్'తో సెకన్లుగా మార్చి, 'డిఫ్‌టైమ్'తో తేడా తీయండి. 32,400 సెకన్లు, అంటే తొమ్మిది గంటలు వస్తాయి. కంప్యూటర్‌ను ముందుగా న్యూయార్క్ కాలమండలానికి మార్చండి సుమా. మన కాలమానంలో నడిపితే ఎనిమిదే వస్తుంది. 2024 మార్చి 9 రాత్రి 10 నుంచి మర్నాడు ఉదయం 6 వరకు ఎన్ని గంటలో ముందు కాగితం మీద వేసి, తరువాత కంప్యూటర్‌తో సరిచూసుకోండి.