ట్రాక్టరు ఇంజనును చల్లబరచు విధము

అనంతపురము సీమలో సాలుకు కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. పదును ఆరకమునుపే వేరుసెనగ విత్తవలెను. ఆ నాలుగు దినములలో ట్రాక్టరు ఉడికి నిలిచెనా, ఆ యేటి సేద్యము చెడినట్లే.

ఇంజనులో డీజిలు మండగా పుట్టు వేడిమిలో ఇంచుమించు మూడవవంతే పనికి వచ్చును. తక్కినదానిలో కొంత పొగగొట్టమున పోవును. చాలవరకు మిగిలినదానిని నీరే మోసికొని పోవలెను. పంపు ఆ నీటిని సిలిండర్ల చుట్టును త్రిప్పి రేడియేటరునకు పంపును. అచ్చట సన్నని గొట్టములలో ఫంకాగాలికి చల్లారి అది మరల వచ్చును. ఇంజను సుమారు 80 డిగ్రీలు కాగువరకు థర్మోస్టాటు ఈ దారిని మూసియుంచును. మన యెండలకు అది యెందులకని కొందరు దానిని తీయించుచున్నారు, అది పొరపాటు. చల్లగా నడచు ఇంజను డీజిలు ఎక్కువ త్రాగును, అరుగుదలయు హెచ్చును.

మన బోరునీరు పెక్కుచోట్ల ఉప్పుది. కాగినకొలది గొట్టములలో తెల్లని గార కట్టును. వేడిమి ఆ గారను దాటుట కష్టము. కావున శుద్ధజలమున కూలెంటు కలిపి పోయవలెను. నీరు గడ్డకట్టు చలి మనకు లేకున్నను, అది త్రుప్పును ఆపును. నూర్పిడి దినములలో పొట్టు రేడియేటరు ముఖమున అట్టకట్టును; ప్రతి సాయంకాలము లోపలినుండి వెలికి ఊదింపుడు.

ఇంజను ఉడికినపుడు మూత విప్పరాదు. లోపలి ఒత్తిడిచే నీరు 100 డిగ్రీలు దాటియు మరుగక యుండి, విప్పినతోడనే పొంగి ముఖమును కాల్చును. చన్నీరు పోసినచో హెడ్డు పగులవచ్చును. ఇంజను నాపి, రేడియేటరు చేతికి ఓర్చునంత చల్లారువరకు తాళవలెను.