ఓపికకూ ఒక లెక్క ఉంది

“నిదానమే ప్రధానం” అన్నారు పెద్దలు. “ఆలస్యం అమృతం విషం” అన్నదీ ఆ పెద్దలే. వీటిలో ఏది ఎప్పుడు వర్తిస్తుందో తేల్చుకోవడానికి ఆన్‌లైన్ పోకర్ టోర్నమెంటు మంచి ఉదాహరణ. పేకాట మీద వ్యాసమేమిటని మా లెక్చరర్లు కోప్పడవద్దు. 1654లో పాస్కల్, ఫెర్మా ఉత్తరాలు రాసుకుని సంభావ్యతా గణితానికి పునాది వేసింది కూడా, మధ్యలో ఆగిన ఆటలో పందెం సొమ్ము ఎలా పంచాలన్న ప్రశ్న మీదనే.

ముందు ఆట సంగతి. ఎక్కువమంది ఆడే ‘టెక్సాస్ హోల్డెమ్’ పద్ధతిలో ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి ఇస్తారు. అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలను బల్ల మీద మూడు విడతలుగా తెరుస్తారు. మొదట మూడు, తరువాత ఒకటి, చివర ఒకటి. విడత విడతకూ పందెం ఉంటుంది. నచ్చకపోతే ముక్కలు పడేసి తప్పుకోవచ్చు. టోర్నమెంటులో అందరూ సమానమైన చిప్పులతో మొదలుపెడతారు. మళ్ళీ కొనుక్కునే వీలు లేని టోర్నమెంటయితే, చిప్పులు అయిపోయినవాడు లేచిపోవలసిందే. ‘బ్లైండ్లు’ అనే తప్పనిసరి పందేలు కొంతసేపటికొకసారి పెరుగుతూ పోతాయి.

52 ముక్కల్లోంచి రెండు ముక్కలు 1,326 విధాలుగా రావచ్చు. అందులో రెండూ ఆసులే అయ్యేవి 6 మాత్రమే. అంటే సగటున 221 పంపకాలకు ఒకసారి. కనుక వచ్చిన వాటిలో చాలా భాగం పడేయవలసినవే. ఇక్కడే విసుగు పుడుతుంది. పైగా ఆన్‌లైన్‌లో పంపకం వేగం ఎక్కువ, ఆలోచించుకోవడానికి గడువు కొన్ని సెకన్లే.

తొందరపాటు ఖరీదెంతో చూద్దాం. బల్ల మీద 800 చిప్పులున్నాయి. ఎదుటివాడు తన దగ్గర మిగిలిన 400 కూడా వేశాడు. మనకు నాలుగు ఇస్పేట్లు కుదిరాయి, ఇంకొక్క ముక్కే తెరవాలి. ఇస్పేటు పడితేనే గెలుపు అనుకుందాం. మనకు కనబడని ముక్కలు 46, వాటిలో ఇస్పేట్లు 9. అవకాశం నూటికి 20 కూడా లేదు. 1,200 కోసం 400 పెట్టాలి. అంటే నూటికి 25 అవకాశం ఉంటేనే గిట్టుబాటు. మనసు “పడుతుందిలే” అంటుంది, లెక్క “పడెయ్” అంటుంది. తీరా పడేశాక ఇస్పేటే వచ్చి వెక్కిరించవచ్చు. అయినా మన నిర్ణయం తప్పు కాదు. ఆ క్షణాన తెలిసినదాన్ని బట్టే నిర్ణయాన్ని తూచాలి.

మంచి ముక్కలున్నా తొందర కూడదు. గెలిచే అవకాశం నూటికి 80 ఉన్నా, ఎక్కువ చిప్పులున్న వాళ్ళతో ఐదుసార్లు ఉన్నదంతా ఒడ్డితే, ఐదింటిలోనూ నిలిచే అవకాశం నూటికి 33 మాత్రమే. 0.8ను ఐదుసార్లు హెచ్చించి చూసుకోండి.

ఇక రెండో సామెత. తొమ్మిదిమంది కూర్చున్నారు, బ్లైండ్లు 100, 200. మన దగ్గర 2,000 చిప్పులున్నాయి. ఒక చుట్టుకు 300 ఊరికే పోతాయి. దాదాపు 60 పంపకాలకు అన్నీ ఖాళీ. 221కి ఒకసారి వచ్చే ఆసుల కోసం కూర్చుంటే అది ఓపిక అనిపించుకోదు. ఒక మోస్తరు మంచి ముక్కలు రాగానే ధైర్యం చేయాలి.

అన్నిటికంటె ప్రమాదం ఓడిన కోపం. పోకర్ వాళ్ళు దీన్ని ‘టిల్ట్’ అంటారు. పోయింది వెంటనే రాబట్టుకోవాలని చెత్త ముక్కల మీద కూడా ఒడ్డేస్తారు. ఇది పేకాటలోనే ఉందనుకోకండి. మా చేలో బోరు ఎండిపోయిన వారంలోపే మా నాయన అప్పు చేసి, కొలతలు చూపించకుండా, పక్కనే ఇంకొకటి వేయించాడు. దుమ్ము తప్ప చుక్క పడలేదు. ఆ తరువాత ఒకరోజు, “నీళ్ళ కోసం వేయలేదురా, కోపంతో వేశాను” అన్నాడు. ఆ అప్పు తీర్చడానికి మాకు మూడేళ్ళు పట్టింది. ముక్కలకూ భూమికీ మన కోపంతో పని లేదు.

ఇదంతా మిమ్మల్ని ఆడమని చెప్పడానికి కాదు. 2003లో అమెరికాలో క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంటు 86 డాలర్ల ఆన్‌లైన్ టోర్నమెంటు ద్వారా ప్రవేశం సంపాదించి, పోకర్ ప్రపంచ పోటీలో 25 లక్షల డాలర్లు గెలిచాడు. ఆ కథ అందరూ చెబుతారు. ఆ పోటీకి వచ్చినవారు 839 మంది. మిగిలిన 838 మందీ చిప్పులు పోగొట్టుకుని లేచినవారే. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు సవరించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా చట్టం చేసింది.

కనుక మిత్రులారా, ఆట వదిలేసి లెక్క మాత్రం ఉంచుకుందాం. గ్రూపు మారాలన్నా, చదువు మానాలన్నా, అప్పు చేయాలన్నా కాగితం మీద మూడు ప్రశ్నలు రాసుకుందాం. పెట్టేదెంత? వచ్చే అవకాశమెంత? ఆగితే రోజుకు పోయేదెంత? ఒళ్ళు మండుతున్నప్పుడు మాత్రం జవాబు రాయకుండా, తెల్లారనిచ్చి రాద్దాం.