మందుబుడ్డి మూతికి సరిపడు అడాప్టరు

పశువులకు టీకాలు వేయించు సభ్యులలో పెక్కురు సిరంజిని, సూదిని, మందును చూచియుందురు గాని, మందుబుడ్డి మూతిని పరికించి చూచినవారు అరుదు. మూతి కొలత తెలియకపోవుటవలన గలుగు చిక్కు ఎట్టిదో క్రిందటి యేడు మాకు అనుభవమునకు వచ్చినది.

పెయ్యదూడలకు ఈసుకుపోవు రోగపు టీకా వేయించుటకై మా సంఘము తరఫున బుడ్డి అడాప్టర్లను కొన్నిటిని తెప్పించితిమి. బుడ్డిలోనుండి మందు తీయుటకు సూదికి బదులుగా వాడు ప్లాస్టికు పనిముట్టునకు అడాప్టరని పేరు. అవి పెద్దమూతి బుడ్డులకు చేసినవి. వచ్చిన టీకా చిన్నమూతి బుడ్డులలో వచ్చినది. అడాప్టరు మూతిపై నిలువక అటునిటు దొరలుచుండగా గోపాలమిత్ర విసిగి దానిని పారవైచి సూదినే గ్రుచ్చెను. సూది బిరడాపైనుండి జారి ఎడమచేతి బొటనవ్రేలిలో దిగినది. వైద్యుని యొద్దకు పోయి వారములతరబడి మందులు మ్రింగవలసివచ్చినది. మూతి కొలువక తెప్పించుట మా తప్పే గాని అతని తప్పు కాదు.

వ్రేలికి సూది గ్రుచ్చుకొనినంతమాత్రమున ఇంత ఆందోళన యేలనని యడుగవచ్చును. ఈ రోగమునకు వాడు ఎస్-19 టీకా చచ్చిన క్రిములతో చేసినది కాదు, బలము తగ్గింపబడిన సజీవక్రిములతో చేసినది. నాలుగు మొదలు ఎనిమిది మాసముల వయసుగల పెయ్యదూడకు దానిని ఒక్కమారు వేయుదురు. దూడకు మేలుచేయు ఆ క్రిమియే మనుష్యుని శరీరమున బడినచో విడిచి విడిచి వచ్చు జ్వరమును, కీళ్లనొప్పులను కలిగింపగలదు. 2019 సెప్టెంబరులో కేంద్రప్రభుత్వము గాలికుంటు, బ్రూసెల్లా వ్యాధుల నివారణకై జాతీయ కార్యక్రమమును ప్రారంభించిన పిమ్మట ఈ టీకా పల్లెపల్లెకు వచ్చినది. కావున దానిని కలుపు చేతుల క్షేమమును గూర్చియు ఆలోచింపవలయును.

మొదట బుడ్డి సంగతి. గాజుబుడ్డి మూతిని రబ్బరు బిరడాతో బిగించి, దానిపై అల్యూమినియపు రేకును అంచు క్రిందికి మడచి నొక్కుదురు. బుడ్డి యొడలు ఎన్నియో పరిమాణములలో నుండును. గాజుగొట్టముతో చేసిన బుడ్డులకు అంతర్జాతీయ ప్రమాణమొకటి గలదు. దాని ప్రకారము 2 మిల్లీలీటర్ల బుడ్డి యొడలు 16 మిల్లీమీటర్ల వ్యాసము గలది. 10 మిల్లీలీటర్లది 24. 30 మిల్లీలీటర్లది 30. అయినను మూతులు మాత్రము రెండే రకములు. 2, 4 మిల్లీలీటర్ల బుడ్డులకు 13 మిల్లీమీటర్ల మూతి. 6 మొదలు 30 వరకు గల బుడ్డులన్నిటికి 20 మిల్లీమీటర్ల మూతి. సెలైను వంటి పెద్ద సీసాలకు 32 మిల్లీమీటర్ల మూతి సాధారణము. కనుక అడాప్టరును రచించువాడు బుడ్డి పొట్టను విడిచి కంఠమును పట్టుకొనవలయును. పొట్టను పట్టబోయినచో ప్రతి బుడ్డికి ఒక పనిముట్టు కావలసివచ్చును.

అడాప్టరున మూడు భాగములు గలవు. నడుమ బిరడాను పొడుచు బోలుముల్లు. చుట్టును మూతిని కౌగిలించుకొను గోడ. పైన సిరంజి బిగించు కొన. ఈ పైకొన ఎల్లయెడల ఒకే తీరున నుండును. పారిసు నగరమున పనిముట్లు చేసిన లూయరు అనువాని పేరిట వాడుకలోనున్న ఈ శంఖాకారపు అతుకు నూరు పాళ్ల పొడవునకు ఆరు పాళ్ల వ్యాసము చొప్పున సన్నగిలును. అందుచేత ఏ దేశపు సిరంజియైనను దానిలో బిగియును. పైకొనకు కుదిరిన ఈ యేకరూపత క్రిందికొనకు కుదరలేదు. చిక్కంతయు అక్కడనే యున్నది.

గోడకు నిలువున చీలికలుండును. చీలికల నడుమ మిగిలిన పలకలను వ్రేళ్లందము. ప్రతి వ్రేలి చివర లోపలివైపున చిన్న పల్లుండును. మూతిపై నొక్కినపుడు వ్రేళ్లు వెలుపలికి వంగి, రేకు అంచు దాటగానే మరల లోపలికి వచ్చి కంఠమును పట్టును. వెదురుబద్దను వంచినవానికి ఈ లెక్క సులభముగా తెలియును. మందము రెట్టింపైనచో వంచుటకు ఎనిమిదింతల బలము కావలయును. పొడవు రెట్టింపైనచో ఎనిమిదవ వంతు చాలును. 10 మిల్లీమీటర్ల పొడవు, 1 మిల్లీమీటరు మందము గల వ్రేలు 0.6 మిల్లీమీటరు వంగినపుడు దాని మొదటిభాగపు ప్లాస్టికు నూటికి ఒక పాలైనను సాగదు; హాయిగా తిరిగివచ్చును. ఒకే వ్రేలు 13, 20 మిల్లీమీటర్ల మూతులు రెండింటిని పట్టవలెనన్న, వ్యాసార్ధమున 3.5 మిల్లీమీటర్లు వంగవలయును. అప్పుడు ప్లాస్టికు నూటికి 5 పాళ్లకు పైగా సాగవలసియుండును. గట్టి ప్లాస్టికు ఆ సాగుడును ఓర్వక చిట్లును, లేదా వంగినది వంగినట్లే యుండి పట్టు తప్పును. మా అడాప్టరు చిన్నమూతిపై దొరలుటకు కారణమిదే: వ్రేళ్ల పండ్లకు పట్టుకొనుటకు అందుబాటులో ఏమియు లేదు.

ఇందుకు మూడు ఉపాయములు వాడుకలో గలవు. గోడయే లేని ముల్లు ఒకటి. ఇది ఏ మూతినైనను పొడుచును గాని దేనిని పట్టదు. చేతితో అదిమి పట్టుకొనవలయును. పశువుల కొట్టమునందు, దూడ కాలు ఝాడించుచుండగా, దీనిని నేను మెచ్చను. రెండవది ఒకే అడాప్టరున రెండు వరుసల వ్రేళ్లను మెట్టుగా అమర్చుట. ఇది నేర్పుతో కూడిన పని, వెలయు హెచ్చు. మూడవది 20 మిల్లీమీటర్ల అడాప్టరులోనికి దిగు లోపలికట్టు. పెద్దమూతికి కట్టులేకయు, చిన్నమూతికి కట్టుతోను వాడవచ్చును. మనవంటి సంఘములకు ఇది అనువుగా తోచుచున్నది. అయితే కట్టు పోగొట్టుకొనకుండ చూచుకొనవలయును. పల్లెటూరి పెట్టెలలో చిన్న వస్తువుల గతి మనకు తెలియనిది కాదు.

ముల్లు పొడవును గూర్చియు చెప్పవలసియున్నది. బుడ్డిని తలక్రిందులు చేసి మందు లాగునపుడు, ముల్లురంధ్రము కంటె దిగువనున్న మందు రాదు. 20 మిల్లీమీటర్ల బుడ్డి కంఠపు లోపలి వ్యాసము 12.6 మిల్లీమీటర్లు. రంధ్రము బిరడా లోతట్టుకంటె 4 మిల్లీమీటర్ల యెత్తున నున్నచో, 4 మిల్లీమీటర్ల లావుగల ముల్లు ఆక్రమించిన చోటు పోగా, సుమారు 0.45 మిల్లీలీటరు మందు చిక్కుకొని యుండును. 2 మిల్లీలీటర్ల మోతాదున ఇది నాలుగవ వంతునకు కొంచెము తక్కువ. ముల్లు మరీ కురుచయైనచో బిరడాను దాటనే దాటదు. చిన్న బుడ్డికిని పెద్ద బుడ్డికిని బిరడా మందము వేఱగుటచే, రెండింటికిని ఒకే ముల్లు అన్నచో ఏదో యొకదానియందు కొంత మందును వదలుకొనక తప్పదు. అడాప్టరును కొంచెము వెనుకకు లాగి మందు రాబట్టుట కొందరి అలవాటు. దానివలన పట్టు సడలి మందు కారును.

పలుమోతాదుల బుడ్డికి గాలి చిక్కు గలదు. బుడ్డిలో మందుపైన 10 మిల్లీలీటర్ల గాలి యున్నదనుకొనుడు. గాలి లోనికి పోనీయక 10 మిల్లీలీటర్ల మందు లాగినచో, అదే గాలి 20 మిల్లీలీటర్ల చోటున పరచుకొని దాని ఒత్తిడి సగమగును. సిరంజి ముషలకము వెనుకకు గుంజుకొనిపోవుటకు, మోతాదు తప్పుటకు ఇదియే కారణము. తీయబోవు మందునకు సమానమైన గాలిని ముందు ఎక్కించుట ఒక మార్గము; అంతకు మించి ఎక్కించినచో మందు చిమ్మును, సజీవటీకా విషయమున అది ప్రమాదము. ముల్లులో రెండవ త్రోవను చేసి, నీటిని ఆపి గాలిని మాత్రము వదలు జల్లెడపొరను దానికి అమర్చిన అడాప్టర్లు గలవు. వెల యెక్కువైనను పెద్ద సీసాలకు అవే తగినవి.

అడాప్టరు వాడినంతమాత్రమున సూదిభయము తీరిపోదు. దూడకు వేయుటకు సూది కావలసినదే. మందు తీయునపుడు గలుగు గండము మాత్రము తప్పును. బిరడాను స్పిరిటుతో తుడిచినచో బాగుగ ఆరనీయవలయును. తడి స్పిరిటు సజీవటీకాను చంపును. ఒకసారి పొడిచిన అడాప్టరును ఊడదీసి వేఱొక బుడ్డికి పెట్టరాదు. కలిపిన టీకాను మంచుపెట్టెలో నుంచి, దానితో వచ్చిన కాగితమున వ్రాసిన గడువులోపల వాడవలయును. సూది గ్రుచ్చుకొన్నచో సబ్బుతో కడిగికొని, టీకాపేరు గల బుడ్డిని వెంటగొని వెంటనే వైద్యుని చూడవలయును. ఎస్-19 కాక ఆర్‌బి-51 అను రకమైనచో రిఫాంపిసిను అను మందు దానిపై పనిచేయదు గాన, పేరు చెప్పుట ముఖ్యము.

కొనుటకు ముందు మూతిని కొలుచుట యెట్లనగా, రేకుమూతి చుట్టును దారము చుట్టి ఆ పొడవును చూడుడు. సుమారు 4 సెంటీమీటర్లున్నచో 13 మిల్లీమీటర్ల మూతి; ఆరుంబావు దాపునున్నచో 20; పది సెంటీమీటర్లకు వచ్చినచో 32. మా సంఘపు గిడ్డంగిలో ఇప్పుడు మూడు ముళ్లు వేసిన దారమొకటి మేకునకు వ్రేలాడుచున్నది. టీకాలు ఏ మూతి బుడ్డులలో రానున్నవో పశువైద్యశాలయందు ముందుగా విచారించి, ఆ ముడి పేరు వ్రాసిన పిమ్మటనే అడాప్టర్లకు ఆర్డరు పంపుచున్నాము.