ఉప్పుగాలిలో ట్రంకు పెట్టె

పిల్లలూ, మీ వంటింట్లో ఉప్పు డబ్బా మూత తీసి చూడండి. ఉప్పు ముద్దకట్టి, అంచున నీరు ఊరి ఉంటుంది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను పీల్చి కరగడం మొదలుపెడుతుంది. డిగ్నాబాద్‌లో తేమ అంతకు మించే రోజులే ఎక్కువ. సముద్రపు గాలి ఆ ఉప్పునే మన కిటికీ ఊచల మీదా, బీరువా కాళ్ల మీదా చల్లిపోతుంది. అది తేమ పీల్చి, ఇనుము మీద కంటికి కనబడని ఉప్పునీటి పొరగా నిలుస్తుంది. ఇనుము, నీరు, ఆక్సిజన్ కలిస్తే తుప్పు. ఉప్పు తోడైతే ఆ పని మరింత వేగంగా సాగుతుంది.

ఇనుముకు పట్టేది తుప్పు. పాత నిఘంటువుల్లో ‘త్రుప్పు’ అని కూడా కనిపిస్తుంది. రాగికీ ఇత్తడికీ పట్టే పచ్చనిదాన్ని చిలుము అంటాం, కొందరు కిలుము అంటారు. చిలుము చింతపండుతో తోమితే పోతుంది. తుప్పు అలా లొంగదు. తాను తిన్న ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి ఉబ్బి, పైరంగును పెచ్చులుగా లేపేస్తుంది. అందుకే తుప్పు మీద నేరుగా వేసిన రంగు నిలవదు. ‘తుప్పు వదలగొట్టడం’ అనే మాట మనవాళ్లు ఊరికే పుట్టించలేదు!

బదిలీల మీద తిరిగే మన ఇళ్లలో ఈ దెబ్బ బాగా తగిలేది ట్రంకు పెట్టెకు. ఓడ దిగిన పెట్టెను గోడవార నేల మీద పెట్టేస్తాం. అడుగున గాలి ఆడదు, తడి ఆరదు. మళ్లీ ఉత్తర్వులు వచ్చిన రోజున అడుగు రేకు ఊడితే సామాను గతేమిటి? జనవరి నుంచి మార్చి దాకా ఇక్కడ వానలు తక్కువ. అప్పుడే ఈ పని పెట్టుకోండి. (పరీక్షలూ అప్పుడేనని తెలుసు. ఒక్క ఆదివారం చాలు.)

మొదట పెట్టెను మంచినీళ్లతో కడగాలి. చాలామంది దీన్ని వదిలేసి నేరుగా గీకుతారు, దాంతో ఉప్పు తుప్పు గుంటల్లోకి ఇంకా దిగిపోతుంది. తరువాత తీగల బ్రష్షుతో, గరుకు కాగితంతో గీకి, మళ్లీ కడగాలి. తుప్పు కింద దాగిన ఉప్పు అప్పుడే బయటపడుతుంది. ఎండలో పూర్తిగా ఆరాక ఆ రోజే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ వేయాలి. గీకిన ఇనుమును రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి మళ్లీ ఎర్రబడుతుంది. అంచుల మీద రంగు పలచగా నిలుస్తుంది కాబట్టి అక్కడ ఇంకో పూత వేయండి. పైన ఎనామెల్ రెండు పూతలు. పెట్టె రేకుకు జింకు పూత ఉంటే మాత్రం తుప్పు ఉన్న చోటే గీకండి. జింకు తాను కరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది, దాన్ని పోగొట్టుకోకూడదు. జింకుకు పట్టే ప్రైమర్ వేరే ఉంటుంది, దుకాణంలో అడగండి.

పాత గేట్లు, ఊచల జోలికి మీరు వెళ్లకండి. ఒకప్పుడు ఇనుముకు మొదటి పూతగా సీసంతో చేసిన సింధూరం వేసేవారు. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల భాగాల్లో 90 భాగాలకు మించరాదన్న నిబంధన 2017 నవంబరు 1 నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందటి రంగును పొడిగా గీకితే లేచే దుమ్ము పిల్లల మెదడుకు హాని చేస్తుంది. పెద్దలు కూడా మాస్కు కట్టుకుని, తడిపి గీకాలి. ఆ సమయంలో చిన్నపిల్లలు దగ్గర ఉండకూడదు.

పెట్టె మూత మీది పాత ఊళ్ల పేర్లు కొత్త రంగు కింద పోతాయి, ముందే నోటు పుస్తకంలో రాసుకోండి. మా పెట్టె మీద ఇప్పటికి నాలుగు ఊళ్లున్నాయి. ఈ ఊరి పేరే 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ నుంచి శ్రీవిజయపురంగా మారింది, ఏది రాస్తారో మీ ఇష్టం. రంగు ఆరాక పెట్టెను రెండు ఇటుకల మీదికి ఎత్తి, తెల్ల ఎనామెల్‌తో మీ పేరు తెలుగులో రాయండి. కింద ఇంకో ఊరికి చోటు వదలండి.