ఓవెన్ కొనే ముందు దబర పెట్టండి

ఇంట్లో కేకులు చేసి అమ్ముకుందామన్న ఆలోచన రాగానే చాలామంది ముందు ఓవెన్ ధర కనుక్కుంటారు. అది తర్వాతి మాట. మీ వంటింట్లో మందపాటి అల్యూమినియం దబర, దాని మీద బిగువుగా కూర్చునే మూత ఉంటే ఈ పని మొదలుపెట్టడానికి చాలు. వాడకుండా పక్కన పడేసిన పాత కుక్కర్ అయినా పనికొస్తుంది.

ఆదోనిలో జిన్నింగ్ మిల్లు పని పత్తి రాకను బట్టి ఉంటుంది. ఎమ్మిగనూరులో మగ్గం మీద వచ్చే కూలి ఇంటి ఖర్చుకు చాలని నెలలుంటాయి. అలాంటి ఇంట్లో సాయంత్రం మూడు గంటలు దొరికే మనిషి కోసం ఈ సలహా. సుగ్గికి వలస పోయే కుటుంబాన్ని కేకుల పని ఊళ్ళో నిలబెడుతుందని చెప్పను. దీని మీద వచ్చేది చేతిఖర్చే, పూర్తి జీతం కాదు.

పద్ధతి మనకు కొత్తదేం కాదు. ఉగ్గానికి వాడే బొరుగులు బట్టీలో కాగిన ఇసుకలోనే పేలుతాయి. దబరలో కేకు ఉడకడానికీ ఆ ఇసుక వేడే ఆధారం. సన్నని ఇసుకను జల్లించి, కడిగి, ఎండబెట్టి అడుగున వేలి మందం పరవండి. ఉప్పు కూడా వాడొచ్చు కానీ తేమ పట్టిన ఉప్పు చిటపటలాడుతుంది, అల్యూమినియాన్ని తినేస్తుంది. అందుకే నా ఓటు ఇసుకకే. దాని మీద స్టాండు పెట్టి, మూత వేసి, మధ్య మంట మీద పది నిమిషాలు వేడెక్కనివ్వాలి. కుక్కర్ అయితే గాస్కెట్టూ వెయిటూ తీసేయడం తప్పనిసరి. ఒకసారి ఇసుక వేసి కాల్చిన కుక్కర్‌లో మళ్ళీ పప్పు ఉడికించకండి. పొడి వేడికి సేఫ్టీ వాల్వు పాడవుతుంది, ఆ తర్వాత దాన్ని ఆవిరి ఒత్తిడికి నమ్మలేం.

మొదటి సరుకు గుడ్డు లేని పెరుగు కేకు అయితే మేలు. గుడ్డు ముట్టని ఇళ్ళు రెండు ఊళ్ళలోనూ ఉన్నాయి, వాళ్ళు బేకరీలో అనుమానంగా అడిగి కొంటారు. ఆరంగుళాల గిన్నెకు మైదా 150 గ్రాములు, చక్కెర పొడి 120 గ్రాములు, పుల్లబడని పెరుగు 190 గ్రాములు, వాసన లేని నూనె 75 మిల్లీలీటర్లు తీసుకోండి. పెరుగులో చక్కెర కరిగాక బేకింగ్ పౌడర్ ముప్పావు చెంచా, వంటసోడా పావు చెంచా వేసి ఐదు నిమిషాలు వదిలేస్తే నురగ పొంగుతుంది. అప్పుడు నూనె పోసి, జల్లించిన మైదా కలిపి, గిన్నెలో పోసి, ఆలస్యం చేయకుండా దబరలో పెట్టాలి. ఆగితే ఆ గాలి పోయి కేకు అణిగిపోతుంది. సన్న మంట మీద ముప్పై ఐదు నుంచి నలభై ఐదు నిమిషాలు పడుతుంది. అరగంట దాకా మూత తీయొద్దు. పుల్ల గుచ్చితే పిండి అంటకుండా రావాలి.

వేడి కింది నుంచే వస్తుంది కాబట్టి పైభాగం తెల్లగా మిగులుతుంది. దమ్ బిర్యానీకి మూత మీద నిప్పులు వేసినట్టు చివరి పది నిమిషాలు వేస్తే రంగు వస్తుంది కానీ అది ఆరుబయట చేయాల్సిన పని, మూసిన గదిలో బొగ్గు ప్రాణం తీస్తుంది. నేనైతే కేకును తిరగేసి, అడుగుభాగం పైకి పెట్టి అమ్మమంటాను. మీద నాలుగు వేయించిన బుడ్డల పలుకులు చల్లితే కొనేవాళ్ళకు అదే బాగుంటుంది.

క్రీమ్ కేకుల జోలికి పోకండి. మన ఎండలో క్రీమ్ నిలవాలంటే ఫ్రిజ్ కావాలి, ఆ సరుకులో బేకరీతో పోటీ పడలేం. పెరుగు కేకు వేసవిలో రెండు రోజులకు మించి ఉంచకండి. నిల్వకు నాన్‌ఖటాయి ఉంది. రెండు పాళ్ళ మైదా, ఒక పాలు చక్కెర పొడి, ఒక పాలు నెయ్యి, చిటికెడు యాలకుల పొడి. అదే దబరలో ఇరవై నిమిషాలు. గాలి తగలని డబ్బాలో వారం పైనే కరకరలాడుతుంది. కొంచెం మైదా తీసేసి కొర్రపిండి వేసినా బాగుంటుంది.

ఇక లెక్క. పై కేకుకు సరుకులు 45 రూపాయలు, పెట్టె 12, గ్యాస్ 8 అనుకుందాం. మీ ఊరి ధరలతో ఈ అంకెలు మార్చుకోండి. చాలామంది ఇక్కడే ఆగిపోయి 65కు పైన పదో పరకో వేసుకుని అమ్ముతారు. మీ గంట కూలి ఏది? దానికి 50 వేయండి, విరిగిపోయినవాటికి మరో 10. అంటే 125 కన్నా తక్కువకు అమ్మితే ఉచితంగా పని చేస్తున్నట్టే. పైగా ఒక పొయ్యి మీద సాయంత్రానికి నాలుగు కేకులే అవుతాయి. ఇంట్లోవాళ్ళ రాత్రి వంటకూ ఆ పొయ్యే కావాలి. ఎన్ని ఆర్డర్లు తీసుకోవాలో దీన్నిబట్టి తెలుస్తుంది.

గ్యాస్ విషయంలో ఒక మాట చాలామంది చెప్పరు. ఇంటికిచ్చే 14.2 కిలోల సిలిండర్‌ను వ్యాపారానికి వాడకూడదు. 19 కిలోల కమర్షియల్ సిలిండర్ పెద్దదనిపిస్తే వ్యాపారానికీ వాడుకోగల 5 కిలోల చిన్న సిలిండర్లు అమ్ముతారు, ఏజెన్సీలో అడగండి.

ఓవెన్ ఎప్పుడు కొనాలి? ఆర్డర్లు తిప్పి పంపుతున్న నెలలు వరసగా మూడు వచ్చినప్పుడు. అప్పుడైనా ఒంటరిగా కాదు. ఎమ్మిగనూరు నేతగాళ్ళకు దారి చూపింది మాచాని సోమప్ప 1938లో పెట్టిన సహకార సంఘం. డ్వాక్రా గుంపులో నలుగురు కలిస్తే ఓవెన్ ఖర్చు పంచుకోవచ్చు, మైదా బస్తా టోకు ధరకు దొరుకుతుంది. చిన్న ఆహార పరిశ్రమలకు కేంద్రం 2020లో తెచ్చిన పీఎంఎఫ్‌ఎంఈ పథకంలో 35 శాతం సబ్సిడీ పెట్టారు. ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారా అని మున్సిపాలిటీలోని మెప్మా వాళ్ళను ముందే అడగండి, సబ్సిడీ వస్తుందన్న ధీమాతో బయట వడ్డీకి తేవొద్దు.

అమ్మకానికి ముందు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ చేయించాలి. ఇంటి వంటగదికీ ఇది వర్తిస్తుంది. ఫొటో, గుర్తింపు కార్డు పట్టుకుని ఆన్‌లైన్ సెంటర్‌కు వెళ్తే దరఖాస్తు పెడతారు. వచ్చిన 14 అంకెల నంబరు, చేసిన తేదీ, బరువు, వాడిన సరుకులు పెట్టె మీద రాయాలి. ఆ నంబరు చేతికి వచ్చేదాకా టీ అంగళ్ళకు సరుకు వేయకండి.