పేరు లేని వెబ్‌సైటు, పేరడిగే చట్టం

ఎవరు నడుపుతున్నారో, ఏ ఊరి కంప్యూటరు నుంచి నడుస్తున్నదో బయటికి తెలియని వెబ్‌సైటును జనం డార్క్ వెబ్ సైటు అంటారు గాని, పేరులోని చీకటిని చూసి దానిని నేరంగా భావించడం పొరపాటు. అటువంటి సైటును నెలకొల్పడమే నేరమని చెప్పే సెక్షన్ భారతీయ చట్టాల్లో లేదు. దానికి ఆధారమైన టార్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు వెనుక ఉన్న ఆలోచన 1990ల నడుమ అమెరికా నౌకాదళ పరిశోధనాశాలలో పుట్టింది. సమాచారాన్ని ఉల్లిపొరల వలె రహస్య లిపిలో చుట్టి అనేక మజిలీ కంప్యూటర్ల మీదుగా పంపుతారు గనుక, పంపినవారెవరో, అందుకున్నవారెవరో రెండూ కలిపి ఏ ఒక్క మజిలీకీ తెలియవు. ఈ పద్ధతిలో నడిచే సైటు చిరునామా 56 అక్షరాలు, అంకెల వరుసగా ఉండి ఆనియన్ అనే తోకతో ముగుస్తుంది. బీబీసీ సైతం 2019లో తన వార్తలకు అటువంటి చిరునామా తెరిచింది.

ఇటువంటి సైట్లను నడపడానికి ఇప్పుడు కంటైనర్లను వాడుతున్నారు. ఒక ప్రోగ్రామును దానికి కావలసిన సరంజామాతో సహా, కంప్యూటరులోని మిగతా భాగం కనిపించని గదిలో ఉంచడమే కంటైనర్. 2013లో వచ్చిన డాకర్ దీనిని అందరికీ అందుబాటులోకి తెచ్చింది. వెబ్‌సైటు ఒక గదిలో, టార్ మరొక గదిలో ఉండి, రెండింటి నడుమ లోపలి దారి మాత్రమే ఉంటే బయటి ఇంటర్నెట్‌కు ఆ సైటు కనబడదు. అయితే పోర్టును, అంటే రాకపోకల ద్వారాన్ని, డాకర్‌లో బయటికి ప్రకటిస్తే, పరిమితి విధించనంతవరకు అది ఆ యంత్రానికున్న అన్ని చిరునామాల మీదా తెరుచుకుంటుంది. పైగా గదులు వేరైనా వాటి పునాది అయిన కెర్నెల్ ఒక్కటే. ఎంత గట్టి గోడలైనా మనిషి పొరపాటును కప్పలేవు. 2013లో పట్టుబడిన సిల్క్ రోడ్ అనే డార్క్ వెబ్ అంగడి నిర్వాహకుడిని గుర్తించడానికి తోడ్పడిన ఆధారాల్లో, పాత రాతల్లో అతడే వదిలిన ఈమెయిలు చిరునామా ఒకటి.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. ఇంటర్నెట్ ద్వారా చేసే భావప్రకటనకు రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణ రక్షణ ఉందని 2020లో అనురాధా భసీన్ కేసులో అదే కోర్టు చెప్పింది. ఈ హక్కులకు పరిమితులు లేకపోలేదు. పేరు దాచి బెదిరిస్తే, మామూలు బెదిరింపు శిక్షకు అదనంగా రెండేళ్ల వరకు జైలు పడవచ్చునని భారతీయ న్యాయ సంహిత 351(4) చెబుతున్నది, అంటే ఇక్కడ ముసుగే శిక్షను పెంచుతుంది.

సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ ప్రాంతంలో, మంజీర ఒడ్డునున్న బోరంచలో ఒక యువకుడు భూసేకరణ పరిహారపు కాగితాలను ఇటువంటి సైటులో పెట్టదలచాడనుకుంటే, అతడు మొదట చూడవలసినది టార్‌ను కాదు, ఆ కాగితాలనే. వాటిపై రైతుల ఆధార్ నంబర్లు ఉంటే వాటిని బహిరంగంగా ప్రదర్శించడాన్ని ఆధార్ చట్టం 29(4) నిషేధిస్తున్నది. అసలు చిక్కు మాత్రం, తన రాతలతో ఆగక ఇతరులు పంపినవి కూడా ఉంచినప్పుడు మొదలవుతుంది. పరుల తరఫున సమాచారాన్ని స్వీకరించే, నిల్వచేసే లేదా చేరవేసేవారిని 2000 నాటి ఐటీ చట్టం మధ్యవర్తి అంటుంది. పరులు రాసినదానికి బాధ్యత నుంచి సెక్షన్ 79 వారికి రక్షణ ఇస్తుంది. ఆ రక్షణ దక్కాలంటే 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఫిర్యాదుల అధికారి పేరు, సంప్రదించే వివరాలు సైటులోనే ప్రకటించాలి. పేరు చెబితే ముసుగు పోతుంది, చెప్పకపోతే రక్షణ పోతుంది. చాలామంది సాంకేతిక నిపుణులు కంటైనర్ గోడల గురించి చూపే శ్రద్ధలో పదో వంతు కూడా ఈ సంకటంపై చూపరు.

రహస్య లిపిని విప్పి చూపమని ఆదేశించే అధికారాన్ని ఐటీ చట్టంలోని సెక్షన్ 69 ప్రభుత్వానికి ఇచ్చింది, నిరాకరిస్తే ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. కానీ ఆ సెక్షన్ కోసం చేసిన 2009 నిబంధనల ప్రకారం ఆ ఆదేశం సాధారణంగా కేంద్ర లేదా రాష్ట్ర హోంశాఖ కార్యదర్శి స్థాయి నుంచి రాతపూర్వకంగా రావాలి గనుక, ఠాణాలో నోటితో అడిగినది ఆ సెక్షన్ కింది ఆదేశం కాదు. సోదా చేసి కంప్యూటరును స్వాధీనం చేసుకునేటప్పుడు ఆ తతంగాన్ని వీడియో తీయాలని 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 105 చెబుతున్నది.

అవినీతిని బయటపెట్టేవారి కోసం చేసిన 2014 నాటి విజిల్ బ్లోయర్ల చట్టం సైతం పేరు లేని ఫిర్యాదును స్వీకరించదు, పేరు చెప్పినవారి గుట్టును మాత్రం కాపాడమంటుంది. పైగా రాష్ట్రపతి ఆమోదం పొందినా ఆ చట్టం అమలులోకి రాలేదు. దీనికంటే సమాచార హక్కు చట్టం సామాన్యుడికి చేరువైనది. దాని సెక్షన్ 6(2) ప్రకారం దరఖాస్తుదారుడు కారణం చెప్పనక్కరలేదు, సంప్రదించడానికి కావలసినవి తప్ప వ్యక్తిగత వివరాలు ఇవ్వనక్కరలేదు. పోస్టు బాక్సు నంబరు ఇచ్చినవారిని ఇంటి చిరునామా కోసం పట్టుబట్టరాదని 2013 నవంబరులో కలకత్తా హైకోర్టు చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో చేసిన నిబంధనల ప్రకారం ఈ దరఖాస్తుకు గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు.