పడవ మోటారులో మసి

ద్రాక్షారామంలో ఒక అక్క చేపలు అమ్ముతుంది. ఆమె భర్త కోటిపల్లి దగ్గర గౌతమి గోదావరిలో వేటకు పోతాడు. పడవకు పాత టూ స్ట్రోక్ మోటారు ఉంది. ఈ మధ్య అది ఒకటే పొగ. తాడు పది సార్లు లాగితే గాని స్టార్టు కాదు. పడవ ఆలస్యమైంది. చేప మెత్తబడింది. బేరం పోయింది.

మెకానిక్ మోటారు విప్పాడు. "చూడమ్మా! గిన్నె అడుగున పట్టినట్టు మసి పట్టేసింది" అన్నాడు.

మసి ఎందుకు పట్టింది?
ఈ మోటారుకు పెట్రోలులో ఆయిలు కలిపి పోయాలి. ఆయిలు ఎక్కువైతే పూర్తిగా కాలదు. పిస్టన్ మీద, పొగ పోయే దారిలో మసిగా అంటుకుంటుంది.

ఎలా తీయాలి?
మోటారు చల్లారాక పైమూత విప్పాలి. దగ్గరలో బీడీ కాల్చకూడదు. చెక్క పుల్లతో మెల్లగా గీకాలి. కత్తి వాడితే లోహం మీద గీతలు పడతాయి. రాలిన మసిని లోపల పడనీయకుండా గుడ్డతో తుడవాలి. కొత్త గాస్కెట్ వేసి మూత బిగించాలి.

మోటారు పుస్తకం ఇంగ్లీషులో ఉంది. అక్కకు అంకెలు వచ్చు. '50 : 1' అని చదివింది. అంటే 50 లీటర్ల పెట్రోలుకు 1 లీటరు ఆయిలు.

"మావా, ఇన్నాళ్ళూ అంచనాగా పోశావు. ఇక నేను కొలిచి ఇస్తా" అంది.

అన్ని మోటార్లకూ కొలత ఒకటి కాదు. మీ మోటారు పుస్తకం చూడండి.

లెక్క చేయండి: ఈ అక్క 5 లీటర్ల పెట్రోలులో ఎన్ని మిల్లీలీటర్ల ఆయిలు కలపాలి?